విటమిన్ డి గ్రాహకాన్ని సూక్ష్మజీవులు అణచివేస్తే క్యాన్సర్ వస్తుందా?

జిజ్ఞాసువు (ప్రశ్న)

మా అక్కయ్యకు పెద్దపేగు క్యాన్సర్ శస్త్రచికిత్స జరిగి, ఇప్పుడు కీమోథెరపీ నడుస్తోంది. రక్తపరీక్షలో విటమిన్ డి బాగా తక్కువగా ఉందని తేలడంతో డాక్టరు గారు మాత్రలు రాశారు. ఇంతలో బంధువొకరు ఒక పెద్ద వ్యాసం పంపించారు. అందులోని వాదన ఇలా సాగుతుంది. మన కణాల్లో ఉండే విటమిన్ డి గ్రాహకం అనే ప్రోటీను రోగనిరోధక శక్తికి ఆధారం. కణాల లోపల తలదాచుకునే కొన్ని బ్యాక్టీరియాలు, వైరస్‌లు తాము బతకడం కోసం ఈ గ్రాహకాన్ని పనిచేయనివ్వవు. దాంతో ఇన్ఫెక్షన్ ఏళ్ల తరబడి లోలోపల కొనసాగి, చివరకు క్యాన్సర్‌కు దారితీస్తుంది. రక్తంలో విటమిన్ డి తగ్గడం లోపం కాదట, గ్రాహకం మూతపడిందనడానికి గుర్తట. అందుచేత విటమిన్ డి మానేసి, రక్తపోటుకు వాడే ఓల్మెసార్టాన్ అనే మందును, దానితోపాటు యాంటీబయాటిక్‌లను చాలాకాలం వాడాలని ఆ వ్యాసం చెబుతోంది.

దీన్ని పూర్తిగా కొట్టిపారేయడానికి నాకు ధైర్యం చాలడం లేదు, ఎందుకంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వైరస్ వల్ల వస్తుందని, కడుపులో పుండుకు బ్యాక్టీరియా కారణమని నేనూ చదివాను. ఒకప్పుడు వాటినీ ఎవరూ నమ్మలేదు కదా! అయితే ఈ వాదనలో ఎంతవరకు ప్రయోగాలతో తేలిన విషయం, ఎక్కడి నుంచి ఊహ మొదలవుతోంది అన్నది నాకు విడదీసి చూడడం రావడం లేదు. అక్కయ్య మాత్రలు ఆపేస్తానంటోంది. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

కణజీవశాస్త్రం (జవాబు)

జిజ్ఞాసువు గారూ, ముందుగా మీ అక్కయ్య గారు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాను. మాత్రల సంగతి వైద్యులు చెప్పాలి కాబట్టి నేను గ్రాహకం వరకే రాస్తాను.

ఆ వ్యాసం పూర్తిగా కల్పన కాదు, అందుకే అది నమ్మదగ్గదిగా అనిపిస్తోంది. చర్మంలో తయారైన, లేదా తిండి ద్వారా అందిన విటమిన్ డి కాలేయంలో ఒకసారి మారి, రక్తంలో నిల్వ రూపంగా తిరుగుతుంది. పరీక్షలో మామూలుగా కొలిచేది ఈ రూపాన్నే. అది మూత్రపిండాల్లో మరోసారి మారి కాల్సిట్రియోల్ అనే చురుకైన హార్మోను అవుతుంది. కాల్సిట్రియోల్ వచ్చి గ్రాహకానికి అతుక్కున్నాక, ఆ గ్రాహకం ఆర్‌ఎక్స్‌ఆర్ అనే మరో ప్రోటీనుతో జతకట్టి, డీఎన్‌ఏ మీద నిర్ణీత స్థానాల్లో కూర్చుని, వందలాది జన్యువుల పనిని పెంచడమో తగ్గించడమో చేస్తుంది. మనిషిలో ఈ గ్రాహకానికి సంబంధించిన జన్యువు 12వ క్రోమోజోము మీద ఉంది. దాని నిర్మాణ క్రమాన్ని 1988లో ప్రచురించారు.

రోగనిరోధక శక్తితో దీనికున్న సంబంధం గట్టిది. 2006లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, క్షయ బ్యాక్టీరియా ఆనవాలును పసిగట్టిన మానవ మాక్రోఫేజ్‌లు (సూక్ష్మజీవులను మింగే రోగనిరోధక కణాలు) అటు గ్రాహకాన్నీ, ఇటు కాల్సిట్రియోల్‌ను తయారుచేసే ఎంజైమునూ పెంచుకుంటాయి. చుట్టూ తగినంత విటమిన్ డి ఉంటే కాథెలిసిడిన్ అనే సూక్ష్మజీవనాశక ప్రోటీను తయారై, లోపలికి చేరిన బ్యాక్టీరియాను దెబ్బతీస్తుంది. ఇక్కడ ఒక చిన్న వివరం నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తుంది. కాథెలిసిడిన్ జన్యువు దగ్గర ఈ గ్రాహకం కూర్చునే చోటు మనుషుల్లోనూ ఇతర ప్రైమేట్లలోనూ ఉంది గానీ ఎలుకల్లో లేదు. అంటే ఈ ప్రత్యేక మార్గం గురించి ఎలుకల్లో చూసినదాన్ని మనుషులకు నేరుగా అన్వయించలేము.

సూక్ష్మజీవులు ఈ గ్రాహకం జోలికి వెళతాయన్నది కూడా నిజమే. ఎప్‌స్టీన్-బార్ వైరస్ తయారుచేసే ఈబీఎన్‌ఏ-3 అనే ప్రోటీను విటమిన్ డి గ్రాహకానికి అంటుకుని, అది నడిపించే జన్యువులను అడ్డుకుంటుందని 2010లో ప్రచురితమైంది. ఆ వైరస్ సోకిన బి లింఫోసైట్ కణాలను (ఒక రకం తెల్లరక్తకణాలను) విటమిన్ డి మామూలుగా ఎదగనీయకుండా ఆపగలదు, ఈబీఎన్‌ఏ-3 ఉన్నప్పుడు అవి ఆ దెబ్బ నుంచి తప్పించుకున్నాయి. హెపటైటిస్ బి వైరస్ ప్రయోగశాలలో పెంచిన కాలేయ క్యాన్సర్ కణాల్లో గ్రాహకం మోతాదును తగ్గించి, తన మీద విటమిన్ డి ప్రభావం పడకుండా చూసుకుంటుందని 2018లో మరో బృందం చూపించింది. ఈ రెండు వైరస్‌లూ క్యాన్సర్ కారకాలే. కాబట్టి వ్యాసకర్త ఈ రెండింటినీ చూపి తన వాదన రుజువైందని అనుకుని ఉండవచ్చు.

అయితే ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఎప్‌స్టీన్-బార్ వైరస్‌తో ముడిపడిన బర్కిట్ లింఫోమా (బి లింఫోసైట్లలో పుట్టే ఒక క్యాన్సర్) కణితుల్ని పరీక్షిస్తే, వాటిలో అత్యధిక భాగంలో వైరస్ ఈబీఎన్‌ఏ-1 అనే ఒక్క రకాన్నే తయారుచేస్తూ ఉంటుంది, ఈబీఎన్‌ఏ-3 ఉండదు. గ్రాహకాన్ని అడ్డుకునే ప్రోటీనే లేని కణితి, ఆ అడ్డగింపు వల్లనే పెరుగుతోందని ఎలా అనగలం? కాలేయం విషయానికొస్తే, ఆరోగ్యకరమైన కాలేయ కణాల్లోనే ఈ గ్రాహకం చాలా తక్కువగా ఉంటుంది. పైగా హెపటైటిస్ బి క్యాన్సర్‌ను ఎలా తెస్తుందో చాలావరకు తెలుసు. వైరస్ డీఎన్‌ఏ మన క్రోమోజోముల్లోకి చొరబడడం, ఏళ్ల తరబడి కణాలు చచ్చి పుడుతూ ఉండడం, సిరోసిస్ రావడం, అంటే కాలేయం మచ్చలు కట్టి గట్టిపడడం, అందులో ప్రధానమైనవి. గ్రాహకం తగ్గడం వైరస్ తన మనుగడ కోసం చేసుకునే అనేక సర్దుబాట్లలో ఒకటి కావచ్చు. అది క్యాన్సర్‌కు మూలకారణమని చూపించాలంటే మరెన్నో మెట్లు ఎక్కాలి.

గ్రాహకం లేకుండా పుట్టించిన ఎలుకలు కూడా మనకొక విషయం చెబుతాయి. వాటికి చర్మ కణితులు వాటంతటవే రావు. డీఎంబీఏ అనే క్యాన్సర్ కారక రసాయనం ఇచ్చినప్పుడు మాత్రం సాధారణ ఎలుకల కంటే సులభంగా వస్తాయి. అంటే గ్రాహకం లోపిస్తే రక్షణ కొంత తగ్గుతుంది. దెబ్బతీసేది మరొకటి ఉండాలి.

ఎపిడెమియాలజీ పాఠకుడు (జవాబు)

పైవారు గ్రాహకం వైపు నుంచి రాశారు, నేను ఇన్ఫెక్షన్ల వైపు నుంచి చూస్తాను. ‘ఒకప్పుడు వాటినీ ఎవరూ నమ్మలేదు’ అన్న మీ మాట చాలామంది మనసులో ఉండేదే, దానికి గౌరవంగా జవాబు చెప్పాలి. నమ్మనివారు తరువాత ఎందుకు నమ్మవలసి వచ్చిందో చూస్తే చాలు.

పేటన్ రౌస్ 1911లో ఒక కోడి కణితిని నూరి, కణాలేవీ మిగలకుండా వడగట్టి, ఆ ద్రవంతో మరో కోడికి కణితి తెప్పించాడు. ఆయనకు నోబెల్ బహుమతి 1966లో గానీ రాలేదు. హెరాల్డ్ జుర్ హౌసెన్ బృందం గర్భాశయ ముఖద్వార కణితుల్లోనే పాపిలోమా వైరస్ 16వ రకం డీఎన్‌ఏను 1983లో, ఆ మరుసటి ఏడాది 18వ రకాన్నీ పట్టుకుంది. ఆ తరువాత ఆ వైరస్ ఇ6 ప్రోటీను పీ53ను నాశనం చేస్తుందని, ఇ7 ప్రోటీను ఆర్‌బీని పనిచేయనివ్వదని తెలిసింది. ఈ రెండూ కణ విభజనకు పగ్గాలు వేసే ప్రోటీనులు. కణితి కణాల్లో ఇ6, ఇ7లను అణిచివేస్తే ఆ కణాలు ఎదగడం మానేస్తాయి. అన్నిటికన్నా బలమైన రుజువు టీకా రూపంలో వచ్చింది. స్వీడన్‌లో సుమారు 17 లక్షల మంది బాలికలు, యువతుల వివరాలను పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, 17 ఏళ్లలోపే టీకా వేయించుకున్నవారిలో ఈ క్యాన్సర్ 88 శాతం తక్కువగా కనిపించింది.

మిగతావీ ఇదే దారిలో నడిచాయి. తైవాన్ 1984లో హెపటైటిస్ బి టీకాను పసిపిల్లలకు ఇవ్వడం మొదలుపెట్టాక, 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో కాలేయ క్యాన్సర్ పదేళ్లు తిరిగేసరికి దాదాపు సగానికి పడిపోయింది. అక్కడి మాట్సు దీవుల్లో 2004 నుంచి ప్రజలందరినీ పరీక్షించి హెలికోబాక్టర్ పైలోరి బ్యాక్టీరియాను నిర్మూలించగా, కడుపు క్యాన్సర్ 53 శాతం తగ్గిందని లెక్కతేలింది. కడుపులో వచ్చే మాల్ట్ లింఫోమా అయితే, తొలిదశలో ఉన్నప్పుడు, ఈ బ్యాక్టీరియాకు యాంటీబయాటిక్‌లు వాడడంతోనే చాలామందిలో కరిగిపోతుంది. కారకాన్ని తొలగిస్తే క్యాన్సర్ తగ్గాలి. నా దృష్టిలో దీన్ని మించిన పరీక్ష లేదు.

ప్రపంచం మొత్తం మీద 2018లో కొత్తగా వచ్చిన క్యాన్సర్లలో సుమారు 22 లక్షలు, అంటే 13 శాతం, ఇన్ఫెక్షన్ల వల్ల వచ్చినవని అంచనా. వాటిలో సింహభాగం హెలికోబాక్టర్, పాపిలోమా వైరస్, హెపటైటిస్ బి, సి వైరస్‌లదే. కాబట్టి ఇన్ఫెక్షన్ వల్ల క్యాన్సర్ వస్తుందనడం ఈనాడు ఎవరూ దాచిపెట్టిన రహస్యం కాదు. వైద్యశాస్త్రం దాన్ని ఒప్పుకోవడమే కాకుండా టీకాలతో ఎదుర్కొంటోంది.

ఆశ పెట్టుకున్న కారకాలు తేలిపోయిన సందర్భాలూ ఉన్నాయి. ఎక్స్‌ఎంఆర్‌వీ అనే వైరస్ ప్రోస్టేట్ క్యాన్సర్ కణజాలంలో దొరికిందని 2006లో ప్రకటించారు. చివరకు అది రోగుల నుంచి వచ్చినది కాదని, ఒక ప్రోస్టేట్ కణితిని ప్రయోగశాలలో ఎలుకల్లో పెంచుతున్నప్పుడు రెండు ఎలుక వైరస్‌లు కలిసి పుట్టినదని 2011లో తేలింది, తొలి పరిశోధనాపత్రాన్ని తరువాత వెనక్కి తీసుకున్నారు. రకరకాల కణితుల్లో వాటికే ప్రత్యేకమైన సూక్ష్మజీవులున్నాయని 2020లో నేచర్ పత్రికలో వచ్చిన పత్రం కూడా 2024లో ఉపసంహరణకు గురైంది. అందులో బ్యాక్టీరియావిగా లెక్కించిన డీఎన్‌ఏ ముక్కల్లో చాలా భాగం మనిషివేనని ఇతర శాస్త్రవేత్తలు తిరిగి లెక్కవేసి చూపించారు. కణాల్లో ఏవో కనిపించని బ్యాక్టీరియాలు దాగి ఉన్నాయన్న వాదన విన్నప్పుడల్లా నాకు ఈ రెండూ గుర్తొస్తాయి. ఏ బ్యాక్టీరియా, ఏ కణితిలో, ఎంతమంది రోగుల్లో, ఆరోగ్యవంతుల్లో ఎంత అన్న ప్రశ్నలకు మీ బంధువు పంపిన వ్యాసంలో జవాబు ఉందేమో ఒకసారి వెతకండి.

జిజ్ఞాసువు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఆ వ్యాసంలో బ్యాక్టీరియా పేర్లు వరుసగా చాలా ఉన్నాయి గానీ, మీరడిగిన లెక్కలు ఎక్కడా లేవు. ఒక సందేహం మాత్రం మిగిలింది. నిల్వ రూపం తక్కువగా ఉండి, కాల్సిట్రియోల్ ఎక్కువగా ఉంటే గ్రాహకం మూతపడినట్లే అని అందులో పదేపదే రాశారు. అది నిజమా? ఓల్మెసార్టాన్ ఆ గ్రాహకాన్ని తెరుస్తుందని కంప్యూటర్ లెక్కల్లో తేలిందని కూడా రాశారు.

వైద్య వృత్తిలో ఉన్న సభ్యురాలు (జవాబు)

జిజ్ఞాసువు గారూ, గ్రాహకం నిజంగా పనిచేయకపోతే మనిషి ఎలా ఉంటాడో వైద్యులకు తెలుసు. ఆ జన్యువులో లోపంతో పుట్టే పిల్లలు అరుదుగానైనా ఉన్నారు. వారికి కాల్సిట్రియోల్ ఎంతో ఎక్కువగా ఉన్నా పేగు కాల్షియంను సరిగా పీల్చుకోదు. రక్తంలో కాల్షియం పడిపోతుంది, ఎముకలు మెత్తబడి వంగిపోతాయి, చాలామందికి తల మీద వెంట్రుకలే ఉండవు.

ఇప్పుడు సార్కాయిడోసిస్‌ను చూడండి, అది రోగనిరోధక కణాలు ఊపిరితిత్తుల్లో, ఇతర అవయవాల్లో గడ్డలుగా పేరుకుపోయే జబ్బు. నిల్వ రూపం తక్కువ, కాల్సిట్రియోల్ ఎక్కువ అన్న స్థితికి ఇలాంటి వ్యాసాలు తరచూ చూపే ఉదాహరణ అదే. ఆ జబ్బులో మాక్రోఫేజ్‌లు కాల్సిట్రియోల్‌ను అదుపు లేకుండా తయారుచేస్తాయి, ఎందుకంటే మూత్రపిండంలో ఉన్న నియంత్రణ వాటిలో ఉండదు. నిల్వ రూపం అలా ఖర్చైపోతుంది. ఈ రోగుల్లో కొందరికి రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరుగుతుంది. కొన్ని లింఫోమాల్లోనూ ఇదే జరుగుతుంది. గ్రాహకం మూతపడి ఉంటే కాల్షియం పెరగడం ఎలా సాధ్యం? పేగులో, ఎముకలో గ్రాహకం చక్కగా పనిచేస్తోంది కాబట్టే పెరుగుతోంది. ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి గ్రాహకం గురించి తీర్పు చెప్పడం కుదరదు.

నిల్వ రూపం తగ్గడానికి జబ్బే కారణం కావచ్చన్న మాటలో మాత్రం నిజం ఉంది, దాన్ని నేను కాదనను. మోకాలి మార్పిడి శస్త్రచికిత్స అయినవారిలో, శరీరంలో శోథ (ఇన్‌ఫ్లమేషన్) పెరిగిన ఒకటి రెండు రోజుల్లోనే ఈ అంకె బాగా పడిపోయిందని కొలిచి చూపించారు. శస్త్రచికిత్స అయి, ఆకలి తగ్గి, ఎండలోకి వెళ్లలేక ఉన్న మనిషిలో అది తక్కువగా ఉండడానికి ఇన్ని మామూలు కారణాలు ఉండగా, దాగి ఉన్న ఇన్ఫెక్షన్‌ను ఊహించుకోవలసిన పని లేదు.

ఇక విటమిన్ డి క్యాన్సర్‌ను ఆపుతుందా అన్నదానికి కూడా నిజాయితీగా చెప్పాలి. అమెరికాలో 25,871 మందితో జరిగిన వైటల్ ప్రయోగంలో సగం మందికి రోజుకు 2,000 యూనిట్ల విటమిన్ డి ఇచ్చి సగటున అయిదేళ్లకు పైగా గమనించారు. మాత్ర తీసుకున్నవారిలో 793 మందికి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 824 మందికి క్యాన్సర్ వచ్చింది. ఆ తేడాను లెక్కలోకి తీసుకోలేము. క్యాన్సర్ మరణాలు కొంత తగ్గినట్టు కనిపించాయి గానీ, అది ఖాయంగా చెప్పగలిగినంత కాదు. ఆస్ట్రేలియాలో 60 ఏళ్లు దాటినవారికి నెలకొకసారి 60,000 యూనిట్లు ఇచ్చిన డి-హెల్త్ ప్రయోగంలో మరణాలు తగ్గలేదు. అందుచేత క్యాన్సర్ మందుగా దాన్ని ఎవరూ ఇవ్వకూడదు. మీ అక్కయ్య గారికి రాసింది ఎముకలు, కండరాలు బలహీనపడకుండా లోపాన్ని సరిచేయడానికి అయి ఉంటుంది. అది మామూలు మోతాదులో ఉంటే, దాన్ని ఆపడం వల్ల మేలు జరుగుతుందని చూపే ఆధారం ఏదీ ఆ వ్యాసం ఇవ్వలేదు.

ఓల్మెసార్టాన్ విషయంలో మాత్రం నేను గట్టిగా హెచ్చరించాలి. కంప్యూటర్‌లో ఒక అణువు ఒక ప్రోటీను సందులో ఇమిడినట్టు కనిపించడం పరిశోధనకు తొలి అడుగు మాత్రమే. అలా ఇమిడినవాటిలో అధికభాగం పరీక్షనాళికలోనే తేలిపోతాయి. ఈ మందు యాంజియోటెన్సిన్ గ్రాహకాన్ని అడ్డుకుని రక్తపోటును తగ్గిస్తుంది. కీమోథెరపీలో వాంతులు, విరేచనాలతో నీరు కోల్పోయిన మనిషికి దీన్ని అనవసరంగా, పెద్ద మోతాదులో ఇస్తే రక్తపోటు పడిపోయి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. అంతేకాదు, ఈ మందు వాడిన కొందరికి నెలల తరబడి తగ్గని విరేచనాలు, బాగా బరువు తగ్గిపోవడం వచ్చాయని 2012లో మేయో క్లినిక్ వైద్యులు 22 మంది రోగుల వివరాలతో ప్రచురించారు, మరుసటి ఏడాది అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక జారీచేసింది. పెద్దపేగు శస్త్రచికిత్స అయినవారికి ఇలాంటి విరేచనాలు మొదలైతే, అది కీమో వల్లనా, మందు వల్లనా, ఇన్ఫెక్షన్ వల్లనా అని తేల్చుకోవడమే కష్టమవుతుంది. నెలల తరబడి యాంటీబయాటిక్‌లు పేగులోని మంచి బ్యాక్టీరియాను చంపి, క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసీల్ లాంటి ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్‌కు చోటిస్తాయి. ఈ రెండింటినీ క్యాన్సర్ వైద్యులకు చెప్పకుండా దయచేసి మొదలుపెట్టనివ్వకండి.

కణజీవశాస్త్రం (జవాబు)

వైద్యురాలు గారి మాటకు తోడుగా, పెద్దపేగు క్యాన్సర్ గనుక ఒక సంగతి చేర్చాలనిపించింది. గ్రాహకానికీ బ్యాక్టీరియాకూ నిజమైన, ప్రయోగాలకు నిలిచిన సంబంధం ఉన్నది సరిగ్గా పేగులోనే.

మన పైత్యరసంలోని ఆమ్లాలను పేగు బ్యాక్టీరియా మార్చగా లిథోకోలిక్ ఆమ్లం అనే విషపదార్థం పుడుతుంది, పెద్దపేగు క్యాన్సర్‌కు దోహదం చేస్తుందని దాన్ని చాలాకాలంగా అనుమానిస్తున్నారు. విటమిన్ డి గ్రాహకం ఈ ఆమ్లాన్ని కూడా గుర్తుపడుతుందని, గుర్తుపట్టి దాన్ని విరిచే ఎంజైమును పెంచుతుందని 2002లో తెలిసింది. అంటే బ్యాక్టీరియా తయారుచేసిన విషాన్ని పసిగట్టే కాపలాదారు ఈ గ్రాహకమే. కణితి ముదిరేకొద్దీ పెద్దపేగు కణాలు ఈ గ్రాహకాన్ని కోల్పోవడమూ చూశారు, దానికి స్నెయిల్ అనే ప్రోటీను ఆ జన్యువును అణచివేయడం ఒక కారణమని 2004లో తేలింది. గమనించండి, అక్కడ అణచివేస్తున్నది కణితి సొంత ప్రోటీను. బయటి నుంచి వచ్చిన సూక్ష్మజీవి కాదు.

పెద్దపేగు విషయంలో బ్యాక్టీరియా మీద పరిశోధన ఆగిపోలేదు. కొన్ని ఇ. కోలి రకాలు కోలిబాక్టిన్ అనే విషంతో డీఎన్‌ఏ మీద ప్రత్యేకమైన మచ్చ వేస్తాయని, అదే మచ్చ కొందరి పెద్దపేగు కణితుల్లో ఉందని 2020లో చూపించారు. లండన్‌లోని ఫ్రాన్సిస్ క్రిక్ ఇన్‌స్టిట్యూట్ బృందం 2024లో, విటమిన్ డి ఎక్కువగా అందే ఎలుకల పేగుల్లో బాక్టీరాయిడిస్ ఫ్రాజిలిస్ అనే బ్యాక్టీరియా పెరిగి, వాటి రోగనిరోధక శక్తి కణితులను మెరుగ్గా ఎదుర్కొందని ప్రచురించింది. పేగు పొర కణాల్లో విటమిన్ డి గ్రాహకం లేకపోతే ఆ మేలు జరగలేదు. మనుషుల్లో ఇది రుజువు కావలసి ఉంది. అయినా దాని దిశను చూడండి, మీకు వచ్చిన వ్యాసం చెప్పినదానికి పూర్తిగా ఎదురుగా ఉంది. అక్కడ విటమిన్ డి అందడమూ, పేగులో బ్యాక్టీరియా బతికి ఉండడమూ రెండూ అవసరమయ్యాయి, వ్యాసమేమో మొదటిదాన్ని ఆపమని, రెండోదాన్ని యాంటీబయాటిక్‌లతో తుడిచిపెట్టమని అంటోంది.

జిజ్ఞాసువు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. కాల్షియం గురించి వైద్యురాలు గారు చెప్పిన మాటను అక్కయ్యకు చదివి వినిపించాను. వచ్చే విడత కీమోకు వెళ్లినప్పుడు ఆ వ్యాసాన్ని కూడా తీసుకువెళ్లి డాక్టరు గారి ముందు పెట్టాలని, అంతవరకు రాసిచ్చిన మాత్రలు మానకూడదని ఇద్దరం అనుకున్నాం. రక్తంలో కాల్షియం కూడా కొలిపించమని అడగవచ్చా?

వైద్య వృత్తిలో ఉన్న సభ్యురాలు (జవాబు)

తప్పకుండా అడగండి. చాలామందికి కీమోకు ముందు చేసే రక్తపరీక్షల్లోనే అది ఉంటుంది కాబట్టి పాత రిపోర్టుల్లో ముందు చూసుకోండి. అందులో ఆల్బుమిన్ అంకెను కూడా పక్కన పెట్టుకుని చూడాలి, ఎందుకంటే ఆల్బుమిన్ తగ్గితే మొత్తం కాల్షియం ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. అలాగే విటమిన్ డి మోతాదు రోజువారీదా, వారానికొకసారి వేసుకునే పెద్ద మోతాదా అని చీటీ మీద సరిచూడండి. వారానికొకసారి వేసుకోవలసిన దాన్ని పొరపాటున రోజూ వేసుకుని కాల్షియం పెరిగిపోయినవారిని నేను చూశాను.